పట్టుకెళ్లిన జవాబులు తిరిగి రావాలి

సంపాదకులకు,

నమస్కారం.

విశ్వవిద్యాలయాల గురించి పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు ర్యాంకులు, ఖాళీ పోస్టులు, స్నాతకోత్సవాల చుట్టూ తిరుగుతుంటాయి. అవి అనవసరమని నేను అనను. కానీ ప్రహరీ గోడకు అవతల ఉన్న జనంతో విశ్వవిద్యాలయానికి ఉన్న సంబంధం ఏమిటి, వారి నుంచి అది ఏం తీసుకుంటోంది, తిరిగి వారికి ఏం ఇస్తోంది అన్న చర్చ అరుదు. ఎప్పుడైనా జరిగినా అది 'సేవ' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది. మూడు దశాబ్దాల పాటు సామాజిక శాస్త్రాలు బోధించి, పరిశోధన చేసి, విద్యార్థుల చేత చేయించి విరమణ పొందినవాడిగా నాకు తోచిన కొన్ని మాటలు మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఉత్తరం కాస్త పొడవైనది, మన్నించగలరు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సర్వే కోసం ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు, ఒక పెద్దావిడ నా ప్రశ్నావళిలోని ప్రశ్నలన్నిటికీ విసుగు లేకుండా జవాబులు చెప్పింది. నేను కాగితాలు సర్దుకుంటుండగా, "పోయినసారి వచ్చినవాళ్లూ ఇవే అడిగి రాసుకుపోయారు బాబూ, ఏం తేలింది?" అని అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను. పోయినసారి వచ్చినవారెవరో నాకు తెలియదు. కనుక్కుని రావాలన్న ఆలోచన కూడా అంతకు ముందు నాకు కలగలేదు. ఇంకా సిగ్గుపడవలసింది ఆ తరువాతి సంగతి. ఆ సర్వే ఆధారంగా నేను రాసిన వ్యాసం ఒక జర్నల్‌లో అచ్చయింది, నా పదోన్నతి దరఖాస్తులో ఒక వరుసగా చేరింది, నేను మాత్రం ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. ఒక మధ్యాహ్నమంతా పని మానుకుని ఆమె చెప్పిన సంగతులు ఆమె చదవలేని భాషలో, ఆమె కొనలేని పత్రికలో ఉండిపోయాయి.

ఆమె ప్రశ్నను తరువాతి కాలంలో నేను చాలాసార్లు తలచుకున్నాను. విశ్వవిద్యాలయం సమాజానికి ఏం చేస్తోందని అడిగినప్పుడు మేము వెంటనే పట్టాలు పొందినవారి సంఖ్య, ప్రచురించిన పత్రాల సంఖ్య, నిర్వహించిన శిబిరాల సంఖ్య చూపిస్తాం. ఆమె అడిగింది వాటిలో ఏదీ కాదు. తన దగ్గర తీసుకున్నది ఏమైందని అడిగింది. ఈ లెక్క చెప్పే అలవాటు మా సంస్థలకు లేదన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు.

ప్రాంగణం దాటి బయటికి రావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1867లో కేంబ్రిడ్జ్‌కు చెందిన జేమ్స్ స్టూవర్ట్ అనే యువ అధ్యాపకుడు లీడ్స్, లివర్‌పూల్, మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాలకు వెళ్లి మహిళలకు ఖగోళశాస్త్రం మీద వరుస ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పటికి ఆయన విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. పరాయి యువకుడు ఆడపిల్లలను నిలబెట్టి ప్రశ్నలడగడం మర్యాద కాదనుకునే రోజులవి కావడంతో, ప్రశ్నలను కాగితం మీద ఇచ్చి, జవాబులు రాయించుకుని దిద్దేవాడు. రాచ్‌డేల్‌లో సహకార సంఘం కార్మికులకు పాఠం చెప్పినప్పుడు గోడకు తగిలించిన పటాలను అక్కడే వదిలి వెళ్లాడట. మరుసటి వారం తిరిగి వచ్చేసరికి సభ్యులు ఆ పటాల ముందు చేరి, తమలో తాము వాదించుకుని, బోలెడన్ని ప్రశ్నలతో సిద్ధంగా ఉన్నారు. ఉపన్యాసానికి తోడు చర్చకు విడిగా సమయం ఇవ్వడం అక్కడి నుంచి అలవాటైంది. 1873లో కేంబ్రిడ్జ్ ఈ పద్ధతిని అధికారికంగా చేపట్టింది. 1878లో ఆక్స్‌ఫర్డ్ అదే దారి పట్టింది. ఇప్పుడు ప్రపంచమంతటా 'విస్తరణ' పేరిట జరుగుతున్న కార్యక్రమాలకు మూలాల్లో ఇదొకటి. ఇందులో నాకు నచ్చేది ఆ ఉపన్యాసం కంటే ఆ వదిలి వెళ్లిన పటాలు. పాఠం కాగానే వాటిని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయి ఉంటే, ఆ కార్మికులకు ప్రశ్నలున్నాయన్న సంగతి ఆయనకు ఎన్నటికీ తెలిసేది కాదు.

ప్రశ్న బయటి నుంచి వచ్చినప్పుడు పరిశోధన ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉదాహరణ నాకు ఇష్టం. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడి పాల కేంద్రాలు పాలను తూకం ప్రకారం కొనేవి. నీళ్లు కలిపినవాడికీ, మీగడ తీసి పోసినవాడికీ, చిక్కని పాలు పోసినవాడికీ ఒకటే ధర కావడంతో నిజాయితీగా ఉన్నవాడే నష్టపోయేవాడు. స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రవేత్త 1890లో దీనికి ఒక ఉపాయం చెప్పాడు. కొద్ది పాలలో గంధకామ్లం పోస్తే వెన్న తప్ప మిగతాదంతా కరిగిపోతుంది. సీసాను గిరగిర తిప్పితే ఆ వెన్న పైకి తేలి, గీతలు గీసిన సీసా మెడలో చేరుతుంది. ఎన్ని గీతలో చూసి శాతం చెప్పవచ్చు. పెద్ద చదువు లేని పనివాడు కూడా చేయగలిగిన పరీక్ష అది. బాబ్‌కాక్ దానికి పేటెంట్ తీసుకోలేదు. 1905లో ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ వాన్ హైజ్ పత్రికలవారి సభలో మాట్లాడుతూ, విశ్వవిద్యాలయం వల్ల కలిగే మేలు రాష్ట్రంలోని ప్రతి కుటుంబాన్నీ చేరేదాకా తనకు తృప్తి ఉండదని అన్నాడు. ఆ మాట వెనుక అప్పటికే పాల సీసా ఉంది కాబట్టి అది ఉత్త ఉపన్యాసంలా వినిపించదు.

అయితే ఇక్కడే ఒక చేదు నిజాన్ని కూడా చెప్పుకోవాలి. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలల కోసం అమెరికా ప్రభుత్వం 1862లో మోరిల్ చట్టం చేసింది. కాంగ్రెస్ అనే తమ పార్లమెంటులోని ఒక్కొక్క సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూములిచ్చింది. 1887లో ప్రయోగ క్షేత్రాలకూ, 1914లో విస్తరణ సేవలకూ చట్టాలు వచ్చాయి. సామాన్యుల కోసం విశ్వవిద్యాలయం అన్నప్పుడు ప్రపంచమంతా ఈ నమూనానే చూపిస్తుంది. ఆ భూములు మాత్రం ఊరకే పడి ఉన్నవి కావు. దాదాపు 250 ఆదివాసీ తెగల నుంచి ఒప్పందాల ద్వారా, ఒత్తిళ్ల ద్వారా, కొన్నిచోట్ల ఏ ఒప్పందమూ లేకుండా తీసుకున్న కోటి ఎకరాలకు పైబడిన నేల అది. విశ్వవిద్యాలయం సమాజానికి ఏం ఇచ్చిందో లెక్క వేసేటప్పుడు ఖర్చు పద్దులో ఎవరి పేర్లున్నాయో కూడా చదవాలి. 'సమాజం' అన్న మాటను మేము ఏకవచనంలో వాడుతుంటాం. అందులో ఇచ్చుకున్నవారూ పుచ్చుకున్నవారూ వేర్వేరుగా ఉంటారని తరచూ మరిచిపోతుంటాం.

తీసుకోవడం నేలతో ఆగలేదు. 1951లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి శరీరం నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరాయి; ఎన్నో వైద్య ఆవిష్కరణలకు అవే ఆధారమయ్యాయి; ఆ సంగతి ఆమె కుటుంబానికి తెలిసేసరికి రెండు దశాబ్దాలు గడిచాయి. ఇది చాలామందికి తెలిసిన కథే. అంతగా తెలియనిది హవసుపాయ్ తెగవారిది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ అడుగున నివసించే ఈ చిన్న తెగలో మధుమేహం ఎక్కువ. దాని కారణాలు తెలుసుకుంటామంటూ అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1990 నుంచి వారి రక్త నమూనాలు సేకరించారు. తమ పిల్లలకైనా ఈ జబ్బు తప్పుతుందన్న ఆశతో వారు చేతులు చాపారు. తరువాత అవే నమూనాలను మానసిక వ్యాధుల మీద, ఆ తెగ పూర్వం ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న విషయం మీద పరిశోధనలకు వాడారు. తాము ఆ కాన్యన్‌లోనే పుట్టామన్నది ఆ తెగవారి నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే పత్రాలు వారి రక్తం ఆధారంగానే వెలువడ్డాయి. ఈ సంగతి బయటపడిన తీరు గమనించదగినది. 2003లో ఆ తెగకు చెందిన ఒక మహిళ అదే విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేట్ విద్యార్థి వైవాకు, అంటే పరిశోధన గ్రంథం మీద జరిగే మౌఖిక పరీక్షకు వెళ్లి, అంతా విన్నాక, ఈ నమూనాలు వాడుకోవడానికి అనుమతి తీసుకున్నారా అని అడిగింది. వ్యవహారం కోర్టుకెక్కింది. 2010లో రాజీ కుదిరి, విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించింది, మిగిలిన రక్త నమూనాలను తిరిగి ఇచ్చింది.

నాకు ఎదురైన పెద్దావిడ అడిగిన ప్రశ్నా, ఆ వైవా గదిలో వినిపించిన ప్రశ్నా ఒకటేనని నా అభిప్రాయం. తేడా అల్లా రెండో ఆమె ప్రశ్న సరైన గదిలో, పరీక్షకుల సమక్షంలో పడింది. మన వైవాలు బహిరంగమేనని నియమాలు చెబుతాయి. కానీ ఏ థీసిస్ ఎవరి గురించి రాశారో వారిని ఆ గదికి పిలిచిన సందర్భం నా ఉద్యోగ జీవితంలో నేను ఒక్కటీ చూడలేదు.

ఇక ఇచ్చే పద్ధతి గురించి. భారతదేశంలో జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో, 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. బోధన, పరిశోధనలతో సమానంగా విస్తరణ కూడా విశ్వవిద్యాలయ ధర్మమేనని 1977లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒప్పుకుంది. దక్షిణ అమెరికాలో ఇంకా ముందే, 1918లో అర్జెంటీనాలోని కోర్డోబా విద్యార్థులు చేసిన ఉద్యమం వల్ల ఆ ఖండమంతటా విస్తరణ విశ్వవిద్యాలయ బాధ్యతల్లో ఒకటిగా స్థిరపడింది. కాగితం మీద లోటు లేదు. ఆచరణలో నేను చూసిన శిబిరాలు మాత్రం చాలావరకు ఒకే మూసలో ఉండేవి. బస్సు దిగడం, బ్యానరు కట్టడం, చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడం, ఉపన్యాసం, ధ్రువపత్రాలు. ఆ ఊరివారికి ఏం కావాలో ఎవరూ అడగరు. ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. విద్యార్థుల్లో నిజాయితీ లేక కాదు. వారికి మేమిచ్చిన గడువు వారం రోజులు. వారం రోజుల్లో ఒక వీధిలోని మనుషుల పేర్లు కూడా గుర్తుండవు.

గడువు సంగతి వచ్చింది కాబట్టి దానిమీద ఇంకొంచెం చెప్పాలి. విశ్వవిద్యాలయ కాలం సెమిస్టర్లలో నడుస్తుంది. ప్రజల కష్టాలు సెమిస్టర్లలో నడవవు. ఒక బస్తీలో నీటి సమస్య మీద విద్యార్థులు పని మొదలుపెట్టి, మనుషులను మచ్చిక చేసుకుని, అసలు చిక్కు ఎక్కడుందో పసిగట్టే సరికి పరీక్షలు వస్తాయి. తరువాతి జట్టు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇలా మూడు జట్లు వచ్చి వెళ్లాక నాలుగో జట్టుకు ఎవరూ తలుపు తీయరు. అది వారి తప్పు కాదు. దీర్ఘకాలం ఒకే చోట నిలబడగలిగే వ్యక్తి విశ్వవిద్యాలయం తరఫున ఒకరుండాలి; విద్యార్థులు మారినా మాట మారకుండా చూసేవారు. అలాంటి ఉద్యోగం మా సంస్థల్లో దాదాపు ఎక్కడా లేదు.

అక్కడే ఉండిపోతే ఏం జరుగుతుందో లండన్ తూర్పు భాగంలోని టాయిన్‌బీ హాల్ చూపించింది. 1884లో మొదలైన ఆ కేంద్రంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పట్టభద్రులు పేదల వాడలోనే నివాసముండి పనిచేసేవారు. వారిలో పేదలను ఉద్ధరిస్తున్నామన్న గర్వం లేకపోలేదు. కానీ అక్కడ కొంతకాలం పనిచేసిన విలియం బెవరిడ్జ్ 1942లో బ్రిటన్ సామాజిక భద్రతకు ప్రాతిపదిక అయిన నివేదిక రాశాడు; అక్కడే పనిచేసిన క్లెమెంట్ అట్లీ 1945లో ప్రధాని అయ్యి ఆ నివేదికలోని అంశాలను అమలు చేశాడు. ఆ వాడ విశ్వవిద్యాలయం నుంచి నేర్చుకున్నదెంతో చెప్పలేను గానీ, విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారు ఆ వాడలో నేర్చుకున్నది మాత్రం ఒక దేశపు చట్టాల్లోకి ఎక్కింది.

నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునే ఏర్పాటు 1970ల్లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు, యువ అధ్యాపకులు కలిసి 'సైన్స్ షాప్' అనే గదులు తెరిచారు. పేరులో అంగడి ఉన్నా అక్కడ ఏదీ అమ్మరు. ఒక కార్మిక సంఘమో, ఒక వీధివాసుల బృందమో తమకున్న ప్రశ్నను తెచ్చి ఆ గదిలో చెప్పవచ్చు: మా కార్ఖానాలోని ఈ రసాయనం హానికరమా, మా పక్క స్థలంలో మట్టి విషపూరితమైందా, ఈ రోడ్డు మీద ఇన్ని ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి. మొదట్లో వారు పెట్టుకున్న షరతులు మూడే. అడిగేవారికి పరిశోధన చేయించుకునే స్తోమత ఉండకూడదు, అందులో వ్యాపార ప్రయోజనం ఉండకూడదు, వచ్చిన జవాబును ఉపయోగించుకోగలిగే స్థితిలో వారుండాలి. ప్రశ్నను పరిశోధనకు వీలైన రూపంలోకి మార్చడం ఆ గదిలోని సిబ్బంది పని. తరువాత దానిని ఒక విద్యార్థి తన ప్రాజెక్టుగా అధ్యాపకుని పర్యవేక్షణలో చేస్తాడు. విద్యార్థికి మార్కులు వస్తాయి, అడిగినవారికి జవాబు వస్తుంది, నివేదిక అందరికీ అందుబాటులో ఉంటుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బహుశా అందుకే మన పెద్దలకు దీనిమీద అంతగా ఆసక్తి కలగలేదేమో. ఏటా వేల సంఖ్యలో విద్యార్థులు ఎవరికీ అక్కర్లేని ప్రాజెక్టు నివేదికలు రాసి, బైండింగ్ చేయించి, గ్రంథాలయపు బీరువాల్లో పడేస్తున్నారు. వాటిలో పదో వంతు అడిగినవారి ప్రశ్నల మీద జరిగినా ఎంతో మార్పు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు చదువుకోనివారైతే వారు చెప్పింది నమ్మడమెలా అనే సహోద్యోగులు నాకు చాలామంది ఉండేవారు. వారికి నేను అమెరికాలోని ఫ్లింట్ నగరం కథ చెబుతుంటాను. డబ్బు ఆదా చేయడానికి 2014 ఏప్రిల్‌లో ఆ నగరానికి తాగునీటిని ఫ్లింట్ నది నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. గొట్టాలు తుప్పు పట్టకుండా కలపవలసిన పదార్థం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీటిలోకి దిగింది. నీళ్లు రంగు మారాయనీ, వాసన వస్తున్నాయనీ, పిల్లల ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయనీ నివాసులు మొత్తుకున్నా అధికారులు నీరు బాగానే ఉందంటూ వచ్చారు. చివరికి ఒక తల్లి వేరే రాష్ట్రంలోని వర్జీనియా టెక్‌లో నీటి నాణ్యత మీద పనిచేసే మార్క్ ఎడ్వర్డ్స్ అనే ఆచార్యుణ్ణి సంప్రదించింది. 2015లో ఆయన బృందం 300 నమూనా పెట్టెలు పంపితే, నగరవాసులే ఇంటింటికీ తిరిగి వాటిని పంచి, నీళ్లు పట్టి, వెనక్కు చేర్చారు. సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని ఆ పరీక్షల్లో తేలింది. అదే సెప్టెంబరులో మోనా హన్నా-అటీషా అనే పిల్లల వైద్యురాలు పసివారి రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో చూపింది. అక్టోబరులో పాత నీటి సరఫరాను పునరుద్ధరించారు. ఇక్కడ ప్రశ్న వారిది, నమూనాలు పట్టినవారు వారే, ఫలితం ముందుగా చేరింది కూడా వారికే. విశ్వవిద్యాలయం తన ప్రయోగశాలనూ, తన మాటకున్న విలువనూ వారి పక్కన పెట్టింది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. ప్రజలు అడిగిన ప్రశ్నలకే జవాబులు వెతుకుతూ పోతే, ఎవరికీ అడగాలని తోచని ప్రశ్నల సంగతేమిటి? 1966లో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బ్రాక్ ఎల్లోస్టోన్ ఉద్యానవనంలోని వేడినీటి బుగ్గల్లో బతికే ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అంత వేడిలో ప్రాణి ఎలా బతుకుతుందన్న కుతూహలం తప్ప ఆయనకు వేరే ప్రయోజనం లేదు. ఆ జీవిలోని ఎంజైమే తరువాత పీసీఆర్ పరీక్షకు ఆధారమైంది. కోవిడ్ కాలంలో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆ పరీక్ష అదే. ఏ వీధివాసుల సంఘమూ బ్రాక్‌ను ఆ బుగ్గల దగ్గరకు పంపి ఉండేది కాదు. కాబట్టి మూల పరిశోధనకు స్వేచ్ఛ ఉండి తీరాలి. దాన్ని రేపటి లాభంతో తూచకూడదు. నేను కోరుతున్నది విశ్వవిద్యాలయం మొత్తాన్ని విన్నపాల గదిగా మార్చమని కాదు. ప్రజల నుంచి సమయమో, రక్తమో, జవాబులో, భూమో తీసుకుని చేసే పనికి మాత్రం వారికి లెక్క చెప్పాలని. బుగ్గలోని సూక్ష్మజీవికి బ్రాక్ ఏ నివేదికా ఇవ్వనక్కర్లేదు. మనుషుల మధ్య పనిచేసే మాకు ఆ సౌకర్యం లేదు.

మరి అధ్యాపకులు ఎందుకు ఈ పని చేయరు? సోమరితనం వల్ల కాదు, కొలబద్ద వల్ల. ఒక వ్యాసం అంతర్జాతీయ జర్నల్‌లో వస్తే పాయింట్లు వస్తాయి. అదే విషయాన్ని, ఎవరి గురించి రాశారో వారి భాషలో, పది పేజీల పుస్తకంగా రాసి పంచితే ఏమీ రాదు. యువ అధ్యాపకుడు ఉద్యోగం నిలుపుకోవాలి. అతన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. బ్రిటన్‌లో ఈ కొలబద్దను కొంత మార్చారు. పరిశోధనల మదింపులో, సమాజం మీద వాటి ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. నిధులు దానితో ముడిపడి ఉండడంతో విభాగాలు కదిలాయి. అయితే ప్రభావం కలిగించడం కంటే ప్రభావం కలిగిందని ఆకర్షణీయంగా రాయడమే ఒక విద్యగా మారే ప్రమాదం అందులో ఉంది. నివేదికలు రాయడంలో ఆరితేరిన మనకు ఆ ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ప్రభావం ఉందో లేదో రాసేది అధ్యాపకుడే అయితే, ఆ పెద్దావిడ మళ్లీ లెక్కలోకి రాదు. ఆమె సంతకం లేని ప్రభావ నివేదికను నేను నమ్మను.

డబ్బు విషయం క్లుప్తంగా. 1923లో ఇన్సులిన్ పేటెంటును, దాన్ని వెలికితీసిన బృందంలోని బాంటింగ్, బెస్ట్, కాలిప్ ఒక్కొక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1980లో అమెరికా చేసిన బేడోల్ చట్టం, ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనల మీద పేటెంటు హక్కులను విశ్వవిద్యాలయాలే ఉంచుకోవడానికి వీలు కల్పించింది. తరువాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి. పేటెంట్లు అసలు వద్దనడం అమాయకత్వం, ఎవరూ పెట్టుబడి పెట్టకపోతే మందు సీసాలోకి రాదు. కానీ పన్నుల డబ్బుతో జరిగిన పరిశోధన ఫలితాన్ని చదవడానికి పన్ను కట్టినవాడు మళ్లీ ఒక విదేశీ ప్రచురణ సంస్థకు డబ్బు కట్టవలసి రావడంలో న్యాయమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మనుషులను అడిగి రాసిన ప్రతి థీసిస్‌తో పాటు, ఆ మనుషుల భాషలో నాలుగైదు పేజీల సారాంశం జతచేయాలనీ, అది వారికి చేరిందన్న రుజువు లేనిదే డిగ్రీ ఇవ్వరాదనీ ఒక నియమం చేయవచ్చు. వైవాకు వారిలో ఇద్దరిని పిలవవచ్చు. ప్రయాణ ఖర్చులు బయటి పరీక్షకునికి ఇచ్చినట్లే వారికీ ఇవ్వవచ్చు. సర్వే చేయబోయే ముందు అదే చోట ఇంతకు ముందు ఎవరు ఏం అడిగారో చూసి రావాలని పరిశోధకుణ్ణి కట్టడి చేయవచ్చు. ఒక్కో బస్తీని పదేసి ప్రశ్నావళులతో అలసగొట్టడం కొంతైనా తగ్గుతుంది. ప్రతి విశ్వవిద్యాలయంలో కింది అంతస్తులోనే, గేటుకు దగ్గరగా, అపాయింట్‌మెంట్ అక్కర్లేని ఒక గదిని ప్రశ్నల కోసం కేటాయించవచ్చు. వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి "మాకు తెలియదు" అనో, "ఇది మేము చేయగలిగినది కాదు" అనో చెప్పవలసి వస్తుంది. అది కూడా జవాబే. మా వృత్తిలో ఆ మాట బిగ్గరగా అనడం అలవాటు లేక కష్టంగా ఉంటుంది, అంతే.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. వారానికి ఒకసారి అరకాలమ్ స్థలం ఇవ్వండి. పాఠకులు విశ్వవిద్యాలయాలను అడగదలచుకున్న ప్రశ్నలను అందులో అచ్చు వేసి, ఏ విభాగానికి పంపారో కింద రాయండి. జవాబు వస్తే, రాసిన అధ్యాపకుని పేరుతో, సామాన్యులకు అర్థమయ్యే మాటల్లో ప్రచురించండి. నెల రోజుల్లో రాకపోతే, ప్రశ్నను మళ్లీ అచ్చు వేసి, దాని కింద ఆ విభాగం పేరును, జవాబు వచ్చినప్పుడు అధ్యాపకుని పేరు వేసినంత పెద్ద అక్షరాల్లోనే వేసి, పక్కన ఖాళీ వదలండి. మొదటి ప్రశ్న కావాలంటే, ఆ పెద్దావిడ నన్ను అడిగినదే పంపగలను. జవాబు బాకీ నాదే కాబట్టి, విభాగం పేరుకు బదులు నా పేరే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆచార్యుడు